అమరవీరుని ఋణము

(యూసుఫ్‌గూడలో జరిగిన మన వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



వీరులను గౌరవించుటయను విషయమును గుఱించి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్మాజ్ఞాపించిరి. మేము వక్తలము గాము, పండితులమును గాము. తక్కెడ పట్టి, చిట్టా వ్రాసి, ఆవర్జా తిరుగవేసి కాలము గడపినవారము. కావున మాకు దెలిసిన జమాఖర్చుల భాషలోనే యీ విషయమును మనవి చేయుదుము. దోషములున్న మన్నింప బ్రార్థన.

మనము నేడు కూడియున్న యీ యూసుఫ్‌గూడకు రెండు ముఖములు కలవు. ఒక వైపున కృష్ణానగరము, ఆ పైన జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు. అచటి వీరులు వెండితెర వీరులు. వారి యుద్ధము సాయంకాలమునకు ముగియును. పడినవాడు లేచి, రంగు కడుగుకొని, యింటికి బోవును. మఱియొక వైపున ప్రత్యేక పోలీసు మొదటి పటాలము. ఆ వృత్తిలో నున్నవాడు పడినచో మరల లేవడు. వాని యింట నొక పీట శాశ్వతముగా ఖాళీయగును. ఈ రెండింటి నడుమ మన మంగళ్లు పెట్టుకొని బ్రదుకుచున్నాము. తెరవీరుని కటౌటునకు పాలాభిషేకములు జరుగు నగరములో నిజమైన వీరునకును, వాని యింటివారికిని మనము చేయుచున్న దేమి యన్నదే నేటి ప్రశ్న.

సూర్యాపేట వాస్తవ్యులును, మన యార్యవైశ్య కుటుంబమున బుట్టినవారునగు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు గారి పేరు విననివా రీ సభలో లేరు. వారు 1982లో జన్మించిరి. ఆఱవ తరగతిలోనే తలిదండ్రులను విడిచి, విజయనగరము దాపున నున్న కోరుకొండ సైనిక పాఠశాలలో జేరిరి. 1962లో విజయనగర రాజుల సౌధమునందు నెలకొల్పబడిన పాఠశాల యది. పిదప ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలోను, డెహరాడూనులోని సైనిక అకాడమీలోను శిక్షణ బొంది, 2004 డిసెంబరులో 16వ బీహారు పటాలమున నధికారులైరి. క్రమముగా నా పటాలమునకే యధిపతులైరి.

2020 జూన్ 15వ తేది రాత్రి, లడఖ్ తూర్పుభాగమున గల్వాన్ లోయలో, చీనా సైనికులతో ఘర్షణ సంభవించెను. సరిహద్దు రేఖ దగ్గఱ తుపాకులు పేల్చరాదని 1996లోను, 2005లోను రెండు దేశములును ఒడంబడిక చేసికొనియున్నవి. అందుచేత నాటి పోరు రాళ్లతోను, మేకులు దిగగొట్టిన దుడ్లతోను, ఇనుపకడ్డీలతోను, ఎముకలు కొఱకు చలిలో, నది యొడ్డున జరిగినది. తమవారికి ముందు నిలిచి, గాయపడియు వెనుదిరుగక, సంతోష్‌బాబు గారు నేలకొరగిరి. వారితో గూడ నిరువదిమంది భారత సైనికులు ప్రాణము లర్పించిరి. ఆ సరిహద్దు రేఖపై నిట్టి ప్రాణనష్టము నలువదియైదు సంవత్సరములలో నదియే మొదటిది. నాటికి వారి వయస్సు ముప్పదియెనిమిది. ఇంట వృద్ధులగు తలిదండ్రులు, భార్య, పసిబిడ్డలిద్దఱు.

జూన్ 17వ తేదిన వారి భౌతికకాయము హకీంపేట వైమానిక స్థావరమునకు వచ్చెను. మఱునాడు సూర్యాపేటకు చేరువనున్న కేసారములో, కుటుంబమువారి పొలమునందే, సైనిక లాంఛనములతో నంత్యక్రియలు జరిగెను. అవి కరోనా దినములు. నలుగురు గూడుటకే నిర్బంధములుండెను. అయినను వీథుల కిరుప్రక్కల జనులు జెండాలు చేతబట్టి నిలిచి పూలు చల్లిరి. ఆ దినమున కులమెవ్వరు నడిగినవారు గారు, మతమెవ్వరు నడిగినవారు గారు.

తరువాత జరిగినది వినుడు. నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు గారు జూన్ 22వ తేదిన స్వయముగా సూర్యాపేటకు బోయి, ఆ కుటుంబమునకు 5 కోట్ల రూపాయలను ప్రభుత్వపక్షమున నిచ్చిరి. అందు 4 కోట్లు భార్యాబిడ్డలకు, 1 కోటి తలిదండ్రులకు. ఇచటికి చేరువనే యున్న బంజారాహిల్సులో 711 గజముల యింటిస్థలము నిచ్చిరి. వీరపత్ని శ్రీమతి సంతోషి గారిని డిప్యూటీ కలెక్టరు పదవిలో నియమించిరి. సంవత్సరము తిరిగిన దినమున, 2021 జూన్ 15న, సూర్యాపేట నడిబొడ్డున విగ్రహ మావిష్కృతమైనది. 2021 గణతంత్రదినోత్సవ సందర్భమున మహావీరచక్రము ప్రకటింపబడగా, నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా తల్లియు, భార్యయు దానిని స్వీకరించిరి. తమ కుమారునకు పరమవీరచక్ర మిచ్చియుండిన బాగుండెడిదని తండ్రిగారు బహిరంగముగానే చెప్పిరి. బిడ్డను దేశమున కిచ్చిన తండ్రికి అంతమాత్ర మనుటకు హక్కు లేదనువా రెవరు?

ఈ దానములో మనము గుర్తింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. ధన మొకచోటనే పోయక, కోడలికి వేఱుగను, అత్తమామలకు వేఱుగను ఇచ్చిరి. వీరుడు పోయిన యింట, దుఃఖమునకు దోడు, ఎవరి కెంత యన్న తగవు పుట్టుట మన మెఱుగని విషయము గాదు. పింఛను భార్యకు వచ్చును. కొడుకు మీదనే యాధారపడిన తల్లిదండ్రులు నోరు విప్పి యడుగలేరు. కోడలు తన బిడ్డల భవిష్యత్తు చూచుకొనుట తప్పుగాదు. ముసలివారు తమ మందులకు వెదకుకొనుట తప్పుగాదు. ఇరువురకును వేఱువేఱుగ దారి చూపుటయే మర్యాద. ఇది మన సంఘములు నేర్చికొనవలసిన లెక్క.

సోదరులారా! ఇంతవఱకు ప్రభుత్వపు పద్దు. ఇక మన పద్దు తెఱచి చూతము.

ఆ జూన్ మాసమున మన మందఱమును "ఆయన మనవాడు" అంటిమి. నిజమే, మనవాడే. కాని మేము మీ యెదుట నొక తప్పు నొప్పుకొనవలసియున్నది. మాకొక మేనల్లుడు కలడు. చాల యేండ్ల క్రిందట, వాడు కళాశాలలో జదువుచుండగా, సైనికాధికారుల యెంపిక పరీక్షకు బోవుదునని, దరఖాస్తు కాగితము చేతబట్టుకొని మా యంగడికి వచ్చెను. "మామయ్యా, మీరు నాన్నతో నొక మాట చెప్పవలె" నని యడిగెను. మేమేమంటిమో తెలియునా? "ఒరే నాయనా, కోమటింట బుట్టి తుపాకి పట్టెదవా? అంగడి యెవరు చూచికొందురు?" అని నవ్వితిమి. అచట నున్నవారందఱు నవ్విరి. వాడును నవ్వి, కాగితము మడచి జేబులో బెట్టుకొనెను. నేడు వాడు మా యంగడిలోనే గల్లాపెట్టె దగ్గఱ గూర్చుండును; బుద్ధిమంతుడు; నలుగురిలో మంచిపేరు గలవాడు. 2020 జూన్ 16వ తేదిన గల్వాన్ వార్త వచ్చిన సాయంకాలము, అంగడి తలుపులు దించుచు వాడొక్కమాట యన్నాడు: "మామయ్యా, ఆయన తండ్రి కాదనలేదు గదా!"

ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. సంతోష్‌బాబు గారి తండ్రి బ్యాంకు నుద్యోగము చేసి విరమించినవారు. తమకు యౌవనమున సైన్యములో జేరవలెనని కోరిక యుండెడిదనియు, అది నెఱవేఱకపోవుటచే కుమారునిలో దానిని చూచికొంటిమనియు వారే చెప్పిరి. చుట్టములు వలదన్నను వినక కుమారుని బంపిరట. ఆ "చుట్టములు" ఎవరు? మనమే గదా! మేనల్లుని జూచి నవ్విన మేమే గదా! బ్రదికియుండగా వలదని వెనుకకు లాగి, మరణించిన పిదప మనవాడని ముందుకు నడచుట న్యాయమా?

ఇది క్రొత్తయు గాదు. ఆంధ్రరాష్ట్రము కొఱకు 1952 అక్టోబరు 19 మొదలు డిసెంబరు 15 వఱకు 58 దినములు నిరాహారముగ నుండి ప్రాణము విడిచిన పొట్టి శ్రీరాములు గారును మన కులమున బుట్టినవారే. వారి విగ్రహము లేని యూరు నేడు తెలుగునాట నరుదు. ఆ యేబదియెనిమిది దినములలో వారి వెంట నిలిచిన మనవా రెందఱని ఎవరికి వారము మనసులో ప్రశ్నించుకొందము. పెనుగొండ వాసవీమాత తోడ నగ్నిప్రవేశము చేసిన 102 గోత్రములవారి కథను మనము ప్రతి సంవత్సరము చెప్పుకొందుము. త్యాగము మన కులమునకు గొత్తగాదు. త్యాగము చేయువాని ప్రక్క నిలుచుటయే మనకు గష్టము.

కావున మేము మూడు బాకీలను మీ యెదుట నుంచుచున్నాము.

మొదటి బాకీ సంతోష్‌బాబు గారితో గూడ పడిన పందొమ్మండుగురిది. వారు మన కులమువారు గారు. మన భాషవారును గారు. ఒడిశా వాస్తవ్యుడు నాయబ్ సుబేదారు నుదురాం సోరెన్, తమిళదేశపు హవిల్దారు పళని, పంజాబు యువకుడు సిపాయి గుర్తేజ్ సింగు, గాయపడిన వారికి చికిత్స చేయుచునే ప్రాణము విడిచిన మధ్యప్రదేశపు నాయక్ దీపక్ సింగు, ఈ నలుగురకును మరణానంతరము వీరచక్రములు వచ్చినవి. దీపక్ సింగు గారి భార్య కంటనీరు తుడుచుకొని, శిక్షణ బొంది, 2023లో దానే సైన్యాధికారిణి యయ్యెను. వీరందఱును మన సంతోష్‌బాబు గారి యింటివారే. పటాలపు నాయకుడు తన సైనికులను తన వారలని తలచెను గాని, కులము లెక్కించి తలపలేదు. ఆయనను మనవాడనుచు ఆయనవారిని పరుల జేయుట ఆయనను సగము కోసి పంచుకొనుట యగును.

ఈ విషయమున మన రాష్ట్రము చేసిన పని స్మరింపదగినది. మిగిలిన పందొమ్మండ్రుగురి కుటుంబములకు పదేసి లక్షల రూపాయ లిత్తుమని నాడు ప్రకటింపబడెను. ఆలస్యమైనను మాట తప్పలేదు. 2022 మార్చి 4న రాంచీకి బోయి ఝార్ఖండు వీరుల రెండు కుటుంబములకును, మే నెలలో చండీగఢ్‌నందు పంజాబు వీరుల కుటుంబములకును, ఆగస్టు 31న పట్నాలో బీహారు వీరుల కుటుంబములకును ముఖ్యమంత్రి స్వయముగా నందజేసిరి. వాగ్దానము చేసి రెండేండ్లు గడచినను, బాకీదారుని యిల్లు వెదకికొని పోయి తీర్చుట వర్తకులమగు మనకు దెలిసిన ధర్మమే. ఇందు రాజకీయ మున్నదని కొందఱనవచ్చును. ఉండనిండు. చెక్కు చేతి కందిన తల్లికి అది ధనమే, ఆదరమే.

రెండవ బాకీ కాగితములది. ఇది వినుటకు చిన్నది, యిల్లు గూల్చునది. యుద్ధమున మరణించిన సైనికుని భార్యకు చివరి జీతమున కెంతయో అంతయు పింఛనుగా వచ్చును. సైన్యపు విధులకు సంబంధించిన యితర కారణములచే మరణించినచో నూటికి 60 వంతులు. విధులతో సంబంధములేని మరణమైనచో సాధారణముగా 30 వంతులు. ఒకే యింటి దీప మారినను, కాగితముపై వ్రాసిన కారణమునుబట్టి కుటుంబపు రాబడి మాఱిపోవును. మఱియు సైనికుని వివాహమును, బిడ్డల పుట్టుకయు పటాలపు దఫ్తరులో "పార్ట్ టూ ఆర్డరు" అను పత్రమున నమోదు కావలయును. బడి కాగితములో నొక పేరు, ఆధారు కార్డులో నొక పేరు, పటాలపు దస్త్రములో వేఱొక పేరున్నచో, ఆ యక్షర దోషము దిద్దుటకే నెలలు గడచును. ఇప్పుడు పింఛనులన్నియు "స్పర్శ్" అను కంప్యూటరు పద్ధతిలోనికి వచ్చినవి. ఏటేట తాను జీవించియున్నట్లు ధ్రువపఱుపవలయును. పల్లెటూరి తల్లి, యాంగ్లము రాని యిల్లాలు ఇవన్నియు నెట్లు చేయును?

సోదరులారా, మనకు కత్తి పట్టుట రాకపోవచ్చును. కాని లెక్క వ్రాయుట మనకు రాదనువాడు లేడు. మన యిండ్లలో నెందఱు ఆడిటర్లు, ఎందఱు బ్యాంకు నుద్యోగులు, ఎందఱు కంప్యూటరు చదివిన బాలబాలిక లున్నారు! నెలకొక ఆదివారము, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము వారితో మాటలాడి, మన సంఘభవనములో నొక బల్ల వేసి గూర్చుండుడు. ఏ కులపు సైనికుని భార్య వచ్చినను, ఏ మతపు సైనికుని తల్లి వచ్చినను, ఆమె కాగితములు చూచి, దరఖాస్తు వ్రాసి, దోషములు దిద్ది పంపుడు. రూపాయి పుచ్చుకొనవలదు. విగ్రహమునకు వేయు పూలమాల సాయంకాలమునకు వాడును. సరిదిద్దిన పింఛను కాగితము ఆ యిల్లాలి జీవితాంతము వాడదు.

మూడవ బాకీ మన బిడ్డలది. బిడ్డలను సైన్యమునకు బలవంతముగ బంపుడని మేము చెప్పము. అది తల్లిదండ్రుల హృదయములపై భారము వేయుట. కాని యొక బాలుడు, నేడు సైన్యపు ద్వారములు తెఱువబడిన బాలికయైనను, తానే వచ్చి "పోవుదును" అన్నప్పుడు నవ్వవలదు. సైనిక పాఠశాల ప్రవేశపరీక్షకు శిక్షణ కావలయునన్నచో, మన వసతిగృహములలో నొక గది యిండు; గురువునకు జీతమిండు. మన కులపు బిడ్డకే యని నియమము పెట్టవలదు. కోరుకొండకు బోయిన యా పదకొండేండ్ల బాలుని వెంట నెవరైనను నిలిచి "శుభమగు గాక" యని యుండిన, వారు నేడెంత ధన్యులు!

ఇక ధనపు మాట. ఈ సభలో మహాదాతలు గలరు. కల్యాణమంటపములు, అన్నసత్రములు, వసతిగృహములు కట్టించిన చేతు లివి. మీరు ముద్రించిన ఈ సంచికలోని ప్రకటనలే మీ యుదారతకు సాక్ష్యము. మా విన్నప మొక్కటి. ఈ సంచిక ప్రకటనల రాబడిలో నొక భాగము, ప్రతి సంవత్సరము, తప్పక, ఒక నిధిగా వేఱుంచుడు. అసలు ముట్టవలదు, వడ్డీతో అమరులైన సామాన్య సైనికుల బిడ్డలకు చదువు చెప్పింపుడు. పెద్ద అధికారి పడినప్పుడు దేశమంతయు కదలును, అది న్యాయమే. సిపాయి పడినప్పుడు వాని యూరు మాత్రమే యేడ్చును. ఆ యేడుపులో మనము పాలుపంచుకొనవలె. 1949 మొదలు డిసెంబరు 7వ తేది సాయుధదళముల పతాకదినముగ నాచరింపబడుచున్నది. ఆ దినమున మన యంగళ్లలో హుండీ యుంచుటకు ఎవరి యనుమతియు నక్కఱలేని మనసు కావలయును గాని, మఱేమియు నక్కఱలేదు. వచ్చిన పైకము నిధికి బంపి, రసీదు గోడకు దగిలింపుడు.

మఱియొక చిన్న మాట. జూన్ 15న విగ్రహము కడకు బోవుట మంచిదే. కాని సంవత్సరములో మిగిలిన దినములలో నొకనాడు, కెమేరా లేకుండ, పూలమాల లేకుండ, మన చుట్టుప్రక్కల నున్న యేదేని యమరుని యింటి తలుపు తట్టుడు. "అమ్మా, ఆరోగ్యమెట్లున్నది? బిడ్డల చదువెట్లున్నది?" అని యడుగుడు. గుంపు వెడలిపోయిన తరువాతనే ఆ యింటి నిశ్శబ్దము మొదలగును. ఆ నిశ్శబ్దమున బోయి గూర్చుండువాడే నిజమైన బంధువు.

మేము మా మేనల్లునకు బాకీ పడితిమి. ఆ బాకీ తీర్చుట కిప్పుడు కాలము మించినది. వాని వయస్సు తిరిగిరాదు. కాని పోయిన సంవత్సరము వాని కూతురు, పదియేండ్ల పిల్ల, సైనిక పాఠశాల పరీక్షకు జదువుదునని తండ్రి నడిగినది. వాడు మావైపు జూచినాడు. ఈసారి మేము నవ్వలేదు. మఱునాడే పుస్తకములు మేమే కొని తెచ్చితిమి. ఆమె యేమగునో దైవమెఱుగును. మా ఆవర్జాలో నొక పంక్తి మాత్రము జమవైపునకు మాఱినది.

పెద్దలారా! వర్తకుని కీర్తి అప్పు తీర్చుటలో నున్నదని మన తాతలు చెప్పిరి. ఆ యిరువదిమంది మనలను లెక్క యడుగరు. అడుగని బాకీని తీర్చువాడే పెద్దమనిషి. ఈ మూడు బాకీలను తీర్చుటకు మహాసభ యొక తీర్మానము చేయవలెననియు, వచ్చు సంవత్సరపు సభలో మొట్టమొదట ఆ లెక్కనే చదివి వినిపింపవలెననియు సవినయముగ వేడుకొనుచున్నాము.

జై హింద్.